మత్తుసూది మంట: కారణాలు, నివారణ

పూర్తి మత్తు కింద చేసే ఆపరేషన్‌లో మొదటి ఘట్టాన్ని మత్తు డాక్టర్లు ఇండక్షన్ అంటారు. ముందే పెట్టి ఉంచిన క్యాన్యులా అనే సన్నని గొట్టం గుండా నరంలోకి మందు ఎక్కిస్తారు, నిమిషం లోపే రోగికి స్పృహ తప్పుతుంది. ఆ కాస్త సమయంలోనే చాలామందికి క్యాన్యులా ఉన్నచోట మంట పుట్టి ముంజేతి మీదుగా పైకి పాకుతుంది. కొందరు మొహం చిట్లించి ఊరుకుంటారు, కొందరు అబ్బా అని చెయ్యి లాక్కుంటారు, కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లూ ఉంటారు. ఇవాళ ప్రపంచమంతటా ఇండక్షన్‌కు ఎక్కువగా వాడే ప్రొపొఫాలే దీనికి ప్రధాన కారణం. ఏ జాగ్రత్తా తీసుకోకుండా ఇస్తే పెద్దవాళ్లలో సుమారు నూటికి 60 మందికి, కొన్ని అధ్యయనాల ప్రకారం 90 మందికి కూడా, నొప్పి కలుగుతుంది. కండరాలను సడలించే రోక్యురోనియం, మరో మత్తుమందు ఎటోమిడేట్ వంటివాటికీ ఈ గుణం ఉంది. నాలుగు దశాబ్దాలుగా దీని మీద వందల అధ్యయనాలు జరిగాయి. వాటిని ఒకచోట పెట్టి చూస్తే ప్రొపొఫాల్ మండే మందేనని ఒప్పుకోక తప్పదు. అయితే ఆ మంట రోగికి తెలియాలా వద్దా అన్నది చాలావరకు ఇచ్చేవాళ్ల చేతిలోనే ఉందని కూడా ఒప్పుకోవలసి వస్తుంది. నివారణ మార్గాలు పాతవి, చవకైనవి, రుజువైనవి. అవి ఇంకా అందరి అలవాటు ఎందుకు కాలేదన్నది ఆలోచించదగిన ప్రశ్న.

ఈ చిక్కు ప్రొపొఫాల్ పుట్టుకతోనే వచ్చింది. బ్రిటన్‌లోని ఐసీఐ కంపెనీలో పనిచేస్తున్న జాన్ బి. గ్లెన్ అనే పశువైద్యుడు, ఆయన సహచరులు 1973లో దీని మత్తు గుణాన్ని గుర్తించారు. ఇది ఫీనాల్ కుటుంబానికి చెందిన నూనె లాంటి పదార్థం, నీళ్లలో దాదాపుగా కరగదు. అందుకని 1977లో మనుషుల మీద మొదటిసారి పరీక్షించినప్పుడు క్రెమోఫోర్ అనే ద్రావకంలో కలిపి ఇచ్చారు. ఆ ద్రావకం కొందరిలో తీవ్రమైన అలర్జీ తరహా ప్రతిచర్యలు తెచ్చిపెట్టడంతో దాన్ని వదిలేసి, సోయా నూనె, గుడ్డుసొనలోని లెసిథిన్, గ్లిజరాల్ చేర్చి నేడు థియేటర్లలో కనిపించే తెల్లని ఎమల్షన్‌ను తయారు చేశారు. అది 1986లో బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చింది, 1989లో అమెరికాలో అనుమతి పొందింది. ఈ కృషికి గ్లెన్‌కు 2018లో లాస్కర్ పురస్కారం దక్కింది. ప్రొపొఫాల్‌కు ముందు అర్ధశతాబ్దం పాటు ఇండక్షన్‌ను ఏలింది 1934లో వాడుకలోకి వచ్చిన థయోపెంటాల్. అది సరిగా నరంలోకి వెళితే పెద్దగా మండదు, కానీ లేచాక మగత చాలాసేపు వదలదు. ప్రొపొఫాల్‌తో రోగి తేటగా లేస్తాడు, వాంతులు తక్కువ, సాయంత్రానికి ఇంటికి పోగలడు. ఇన్ని లాభాల ముందు కొన్ని క్షణాల మంటను ఎవరూ లెక్కచేయలేదు. ఆనాటికి ఆ బేరం సబబే. మంటను ఆపే దారి తెలిశాక కూడా అదే బేరం కొనసాగించడాన్ని మాత్రం అంత తేలిగ్గా సమర్థించలేం.

మంట ఎలా పుడుతుందో చూస్తే నివారణలోని తర్కం బోధపడుతుంది. ఎమల్షన్‌లో ప్రొపొఫాల్ చాలావరకు నూనె బిందువుల లోపల దాగి ఉంటుంది, అతి కొద్ది భాగం మాత్రం చుట్టూ ఉన్న నీటిలో విడిగా తేలుతుంది. నరం గోడను తాకి బాధపెట్టేది ఈ విడి భాగమే. గోడలో ఉన్న నొప్పి నాడుల చివర్ల మీద టీఆర్‌పీఏ1, టీఆర్‌పీవీ1 అనే ద్వారాలు ఉంటాయి. ఆవపిండి ఘాటుకు స్పందించేది మొదటిది, మిరపకారానికి స్పందించేది రెండోది. ప్రొపొఫాల్ వీటిని నేరుగా తెరుస్తుందని 2008 నుంచి వచ్చిన ప్రయోగశాల పరిశోధనలు చూపాయి. మందు పడగానే చురుక్కుమనడానికి ఇది కారణం కావచ్చు. పది ఇరవై సెకన్లు ఆగి మొదలయ్యే రెండో రకం నొప్పి కూడా ఉంది. నరం గోడలో బ్రాడీకైనిన్ అనే పదార్థం విడుదలై, నరాన్ని వెడల్పు చేసి, దాని గోడను మరింత వదులు చేసి, విడి ప్రొపొఫాల్ నాడుల దాకా ఇంకేలా చేస్తుందని దానికి చెప్పే వివరణ. ఈ రెండో భాగం మీద ఇంకా చర్చ ఉంది గానీ, నీటిలో విడిగా ఉన్న మందే దోషి అన్న మాటకు మాత్రం గట్టి సాక్ష్యం దొరికింది. అది కూడా రెండు వ్యతిరేక దిశల నుంచి దొరకడం విశేషం. మామూలు సోయా నూనెకు మధ్యతరహా కొవ్వు గొలుసుల నూనె కలిపి తయారుచేసిన ఎమల్షన్‌లో విడి భాగం తగ్గుతుంది, నొప్పి కూడా కొంత తగ్గింది. దీనికి ఎదురుగా, కొవ్వు అసలే లేకుండా దక్షిణ కొరియాలో తయారైన ఆక్వాఫోల్ అనే మైక్రోఎమల్షన్‌లో విడి భాగం బాగా పెరిగింది, నొప్పి కూడా పెరిగింది. కొవ్వు వల్ల సూక్ష్మజీవులు పెరుగుతాయన్న భయం తీర్చడానికి చేసిన ప్రయత్నం నొప్పి దగ్గర బోల్తా కొట్టింది.

విడి మందు గోడను తాకడమే అసలు కారణమైతే, ఎంత మందు, ఎంత చిన్న నరంలో, ఎంతసేపు గోడకు ఆనుకుని ఉంటుందన్న లెక్క ముందుకొస్తుంది. చేతి వెనుక నరాలు సన్నవి, వాటిలో రక్తం నెమ్మదిగా పారుతుంది. మందు అక్కడ పలచబడకుండానే గోడలను ఒరుసుకుంటూ సాగుతుంది. మోచేతి మడతలోని నరం పెద్దది, ప్రవాహం జోరైనది. పిల్లకాలువలో పోసిన రంగుకూ గోదావరి పాయలో పోసిన రంగుకూ ఉన్నంత తేడా ఉంటుంది. ఊహగా చెప్పడమే కాదు, లెక్కలు కూడా అదే చెబుతున్నాయి. 2011లో బీఎమ్‌జే పత్రికలో వచ్చిన ఒక విస్తృత సమీక్ష 177 అధ్యయనాలను, 25,260 మంది పెద్దవాళ్ల వివరాలను కలిపి చూసింది. చేతి నరానికి బదులు మోచేతి నరం వాడితే నొప్పి కలిగే అవకాశం 86 శాతం తగ్గిందని అందులో తేలింది. పరిశీలించిన మార్గాలన్నిటిలోకీ ఇదే ముందు నిలిచింది. ఏ మందూ అదనంగా ఇవ్వలేదు, ఖర్చు లేదు, దుష్ప్రభావం లేదు. క్యాన్యులా పెట్టే చోటు మాత్రమే మారింది.

దీనికి థియేటర్‌లో వెంటనే వచ్చే అభ్యంతరాలు కొట్టిపారేయదగినవి కావు. మోచేయి వంగితే డ్రిప్ ఆగిపోతుంది. ఆ మడత దగ్గర చేతి ప్రధాన ధమని, ఒక ముఖ్యమైన నాడి పక్కపక్కనే పోతాయి, పొరపాటున సూది అటు పోవచ్చు. మందు నరం బయటికి కారితే అక్కడి కొవ్వులో వాపు త్వరగా కంటబడదు. చేతి చివరి నుంచి మొదలుపెట్టి పైకి పొమ్మన్నది నర్సింగ్ విద్యార్థులకు మొదట నేర్పే సూత్రం. పై నరం ముందే పాడైతే కింద ఉన్నవాటితో అంత ప్రయోజనం ఉండదు. అన్నిటికన్నా బరువైన అభ్యంతరం కిడ్నీ జబ్బు ఉన్నవారిది. రేపు డయాలిసిస్‌కు ఫిస్టులా (ధమనిని నరంతో కలిపే ఏర్పాటు) చేయాలంటే ముంజేతి, మోచేతి నరాలు చెక్కుచెదరకుండా ఉండాలి, కాబట్టి వాళ్లకు చేతి వెనుక నరమే వాడాలి. ఇవన్నీ నిజాలే. కానీ ఇవి మోచేతి నరాన్ని అందరికీ తప్పనిసరి చేయకూడదనడానికి కారణాలు మాత్రమే, చేతి నరంలో మంటను భరించమనడానికి కారణాలు కావు. రోగికి అప్పటికే మోచేతి దగ్గర పనిచేస్తున్న క్యాన్యులా ఉంటే ఇండక్షన్ మందు అందులోంచే ఇవ్వడానికి అడ్డేముంది? చేతి నరమే గతి అయినప్పుడు మరో మార్గం ఉంది, అది దాదాపు అంత బాగానూ పనిచేస్తుంది.

ఆ మార్గం లిగ్నోకైన్. స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో తయారు చేసిన ఈ తిమ్మిరి మందు ఈరోజు పంటి డాక్టరు దగ్గర నుంచి పెద్దాసుపత్రి దాకా అన్నిచోట్లా ఉంటుంది. దాన్ని నరంలోకే ఇచ్చి, చేతికి పట్టీ బిగించి, ఆ భాగాన్ని మాత్రం తిమ్మిరెక్కించే ఆలోచన ఇంకా పాతది. జర్మన్ సర్జన్ ఆగస్ట్ బియర్ 1908లోనే వేరే మందుతో దాన్ని చేసి చూపాడు. ప్రొపొఫాల్ మంటకు వాడేది దానికే చిన్న రూపం. చేతిని కాసేపు పైకెత్తి ఉంచి నరాల్లోని రక్తాన్ని కిందికి జారనిస్తారు. ముంజేతికి రబ్బరు పట్టీ కడతారు, లేదా పై చేతికున్న బీపీ పట్టాలో నరాలు మూసుకునేంత గాలి నింపుతారు. ముందుగా సెలైన్ కొంచెం తోసి, అది అడ్డు లేకుండా పోతోందని, చర్మం ఉబ్బడం లేదని చూసుకుంటారు. మన థియేటర్లలో చాలామంది జైలోకార్డ్ అని పిలిచే, ప్రిజర్వేటివ్ లేని 2 శాతం లిగ్నోకైన్ 2 మిల్లీలీటర్లు, అంటే 40 మిల్లీగ్రాములు, క్యాన్యులా గుండా ఇస్తారు. అర నిమిషం నుంచి రెండు నిమిషాలు ఆగి, పట్టీ విప్పి, వెంటనే ప్రొపొఫాల్ మొదలుపెడతారు. అరవై కిలోల మనిషికి ఈ మోతాదు కిలోకు ఒక మిల్లీగ్రాము కూడా కాదు, కాబట్టి ప్రమాదకర స్థాయికి చాలా దూరంలో ఉంటుంది.

2000లో పికార్డ్, ట్రామెర్ అనే పరిశోధకులు 56 అధ్యయనాలను, 6,264 మంది రోగుల వివరాలను పరిశీలించి ఈ పద్ధతినే మొదటి స్థానంలో నిలిపారు. ఇలా చేసిన నూరుమందిలో సుమారు 60 మందికి, లేకుంటే కలిగి ఉండే నొప్పి కలగదని వాళ్ల లెక్క. 2011 నాటి సమీక్షలో కూడా చేతి నరం వాడినప్పుడు పట్టీ కట్టి ఇచ్చిన లిగ్నోకైన్ నొప్పి అవకాశాన్ని 71 శాతం తగ్గించింది. 2016లో కోక్రేన్ సంస్థ వెలువరించిన సమీక్షలో లిగ్నోకైన్ తీసుకోనివాళ్లలో 64 శాతం మందికి నొప్పి కలిగితే, తీసుకున్నవాళ్లలో అది 30 శాతానికి పడిపోయింది. తీవ్రమైన నొప్పి సుమారు 38 శాతం నుంచి 12 శాతానికి దిగింది. పదహారేళ్ల ఎడంలో, వేరువేరు చేతుల మీదుగా, వేరువేరు లెక్కింపు పద్ధతులతో వచ్చిన మూడు సమీక్షలు ఒకే వైపు చూపిస్తున్నాయి. వైద్యంలో ఇంత ఏకాభిప్రాయం తరచుగా దొరికేది కాదు.

చాలాచోట్ల వాడుకలో ఉన్నది మాత్రం ఈ పద్ధతి కాదు. లిగ్నోకైన్‌ను ప్రొపొఫాల్ సిరంజిలోనే కలిపేసి ఇవ్వడం ఎక్కువ. పట్టీ అక్కర్లేదు, ఆగడం అక్కర్లేదు, పని సులువు. ఇది కూడా పనిచేస్తుంది, కోక్రేన్ సమీక్ష ఈ రెండు పద్ధతులకూ దాదాపు సమానమైన ఫలమే చూసింది. బీఎమ్‌జే సమీక్షలో కలిపి ఇస్తే నొప్పి అవకాశం 60 శాతం తగ్గింది. పట్టీ లేకుండా ముందుగా ఇచ్చి ఊరుకుంటే అంతకన్నా కాస్త తక్కువే తగ్గింది. కలిపినప్పుడు మరో లాభం కూడా ఉందంటారు: లిగ్నోకైన్ ద్రావణం కాస్త ఆమ్లగుణం కలది కనుక విడి ప్రొపొఫాల్ కొంత నూనెలోకి జరుగుతుందట. కానీ కలపడానికి ఒక హద్దు ఉంది. లిగ్నోకైన్ ఎక్కువైనకొద్దీ, కలిపి ఉంచిన సమయం పెరిగినకొద్దీ, నూనె బిందువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి, ఎమల్షన్ విరుగుతుంది. అందుకే 200 మిల్లీగ్రాముల ప్రొపొఫాల్‌కు 20 మిల్లీగ్రాములు మించి లిగ్నోకైన్ కలపవద్దని అమెరికాలో తయారీదారు ఇచ్చే సమాచార పత్రంలోనే ఉంది. ఉదయం ఏడింటికి రోజంతటికీ సిరంజిలు కలిపి ట్రేలో వరసగా పెట్టుకునే అలవాటు రెండు విధాల తప్పు. ఎమల్షన్ నిలవదు, పైగా కొవ్వుతో ఉన్న ఈ మందులో సూక్ష్మజీవులు ఇట్టే పెరుగుతాయి. కలిపేవారు అప్పటికప్పుడు కలిపి అప్పుడే వాడాలి. అయితే హద్దుకు లోబడి కలిపితే చేతికి అందే లిగ్నోకైన్ తక్కువ, ఎక్కువ కలిపితే ఎమల్షన్‌కు చేటు. పట్టీ పద్ధతికి ఈ ఇరకాటం లేదు కాబట్టి నా మొగ్గు దానివైపే.

ఇక్కడ అసలు ప్రత్యర్థి వాదాన్ని ఎదుర్కోవాలి. నొప్పి కొన్ని సెకన్లే, ఆ వెంటనే నిద్ర, లేచాక గుర్తుండదు, ఇంత చిన్నదానికి ఇంత హంగామా ఎందుకంటారు. దీనికి మొదటి జవాబు, అందరికీ గుర్తుండకపోదు. మొత్తం ఆపరేషన్ అనుభవంలో అన్నిటికన్నా బాధాకరమైనది మత్తు ఎక్కిన ఆ క్షణమేనని చెప్పిన రోగులు కొందరు ఉన్నారు. 1999లో అమెరికాలో మత్తువైద్య నిపుణులను అడిగి, తరచుదనం, ప్రాధాన్యం రెండూ కలిపి, తప్పించవలసిన చిన్న సమస్యలను వరసలో పెట్టినప్పుడు ప్రొపొఫాల్ నొప్పికి ఏడో స్థానం దక్కింది. అంటే దీన్ని తేలిగ్గా తీసుకునే వృత్తిలోని వాళ్లే, నిలబెట్టి అడిగితే తేలిక కాదన్నారు. రెండో జవాబు ఇంకా ముఖ్యం. మరపు వేరు, నొప్పి లేకపోవడం వేరు. ప్రొపొఫాల్ స్పృహను తీసేస్తుంది గానీ దానికి నొప్పిని చంపే శక్తి చెప్పుకోదగ్గంత లేదు. స్పృహ తప్పాక ఇచ్చిన రోక్యురోనియానికి కూడా చెయ్యి గుంజుకోవడం, ఒళ్లంతా కదలడం చూస్తే శరీరం ఆ బాధకు స్పందిస్తూనే ఉందని తెలుస్తుంది. ఆ కదలికలో క్యాన్యులా ఊడిపోవచ్చు. అలా ఊడితే సగం మత్తులో ఉన్న మనిషికి, కండరాలు సడలించే మందు సగమే చేరిన మనిషికి, గబగబా మరో నరం వెతకాలి. దీన్ని చిన్న విషయమనడం కష్టం.

సమయం చాలదన్నది మరో అభ్యంతరం, ముఖ్యంగా కడుపు నిండుగా ఉన్న అత్యవసర రోగి విషయంలో. నిజానికి దీనికి జవాబు ఇండక్షన్ క్రమంలోనే ఉంది. మందు ఇచ్చే ముందు రోగి ముక్కుకు, నోటికి మాస్కు పెట్టి సుమారు మూడు నిమిషాలు ఆక్సిజన్ పీల్పించడం అత్యవసరంలో కూడా వదలని నియమం. పట్టీ కట్టి ఆగవలసిన ఆ నిమిషం ఈ మూడు నిమిషాల్లోనే ఇమిడిపోతుంది, అదనంగా ఒక్క క్షణం పట్టదు. కావలసింది అదనపు సమయం కాదు, పట్టీ విప్పే మనిషి ఎవరో ముందే అనుకుని ఉండడం. పట్టీ విప్పడం మరచి ప్రొపొఫాల్ తోస్తే అది చేతిలోనే ఆగిపోతుంది కాబట్టి, ఈ బాధ్యత ఒకరి మీద పెట్టడం అవసరం. నొప్పి ఒక హెచ్చరిక, దాన్ని అణిచేస్తే మందు నరం బయటికి పోతున్నా తెలియదని వాదించేవాళ్లూ ఉన్నారు. ఈ వాదంలో పస ఉంది. అయితే నూటికి అరవై మందిలో మోగే గంట ఏ ప్రమాదాన్నీ గుర్తు పట్టించదు. సెలైన్ ముందే తోసి చూడడం దానికన్నా నమ్మకమైన పరీక్ష. లిగ్నోకైన్ ఇచ్చాక కూడా రోగి గట్టిగా నొప్పి అంటే అప్పుడు ఆ మాటకు విలువ ఎక్కువ, ఆగి చూడాలి.

మిగతా మార్గాల మీద ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. ఫెంటనిల్, రెమిఫెంటనిల్ వంటి ఓపియాయిడ్లు, అంటే బలమైన నొప్పిమందులు, ముందుగా ఇస్తే బీఎమ్‌జే లెక్కలో నొప్పి అవకాశం సుమారు సగానికి తగ్గింది. ఇండక్షన్‌లో ఎలాగూ ఇచ్చే మందు కనుక దాన్ని ప్రొపొఫాల్‌కు ముందు, పనిచేసేంత వ్యవధి ఇచ్చి, వాడుకోవడం తెలివైన పని. చిన్న మోతాదు కెటమిన్ కూడా అంతే ఫలమిస్తుంది. మామూలు నొప్పిమాత్రల కుటుంబానికి చెందిన ఇంజెక్షన్లు మూడోవంతు దాకా తగ్గిస్తాయి, పైగా వాటిలో కొన్ని తామే మండుతాయి. మధ్యతరహా కొవ్వు గొలుసుల ఎమల్షన్ మన దేశంలోనూ దొరుకుతుంది. అది ఒక్కటే అయితే పాతిక శాతం తగ్గింపే, లిగ్నోకైన్‌తో కలిస్తే ఇంకా మేలు. మందును ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా ఇవ్వడం, వెచ్చబెట్టి ఇవ్వడం, వేగంగా తోయడం, నెమ్మదిగా తోయడం, అన్నీ ప్రయత్నించారు, ఫలితాలు ఒక్క మాట మీద లేవు. మాట వాడే తీరుకు కూడా ప్రభావం ఉందని వేరే రంగం నుంచి ఒక ఆధారం ఉంది. ప్రసవ సమయంలో నడుములో మత్తు ఇచ్చే ముందు వేసే చిన్న సూదికి, తేనెటీగ కుట్టినట్టుంటుంది అని బెదరగొట్టిన స్త్రీలు, ఈ మందుతో ఆ చోటు తిమ్మిరెక్కి మీకు హాయిగా ఉంటుందని చెప్పించుకున్న స్త్రీల కన్నా ఎక్కువ నొప్పి చెప్పారని 2010లో ఒక అమెరికన్ అధ్యయనం చూపింది. చెయ్యి మండుతుందమ్మా, ఓర్చుకో అనే మన థియేటర్ మాట సదుద్దేశంతో అన్నదే, కానీ అది ఓదార్పు కాకపోవచ్చు. నివారణ చేయగలిగి ఉండి, దానికి బదులు హెచ్చరిక ఇచ్చి సరిపెట్టుకోవడమూ సరికాదు.

ప్రొపొఫాల్ ఒక్కటే కాదన్నాం. కండరాలను సడలించే రోక్యురోనియం ద్రావణం ఆమ్లగుణం కలది, మేలుకుని ఉన్నవారిలో సగానికి పైగా మందికి మండుతుంది. అందుకే దాన్ని స్పృహ తప్పాకే ఇస్తారు. అయినా పైన చెప్పిన కదలికలు వస్తాయి, పిల్లల్లో ఇంకా ఎక్కువ. ఇక్కడ కూడా అదే లిగ్నోకైన్, అదే పట్టీ, లేదా ముందుగా ఇచ్చిన ఓపియాయిడ్ పనిచేస్తాయి. గుండె బలహీనంగా ఉన్నవారికి మేలైనదనుకునే ఎటోమిడేట్ పాత ద్రావణం ప్రొపిలీన్ గ్లైకాల్‌లో ఉండేది, బాగా మండేది. దాన్ని కొవ్వు ఎమల్షన్‌గా మార్చాక మంట చాలా తగ్గింది, కండరాలు ఎగరడం మాత్రం మిగిలింది. ఒకే మూల మందు ద్రావకం మార్చగానే ప్రవర్తన మార్చుకోవడం, విడి మందు, ద్రావకం, గోడ అనే మూడింటి లెక్కకు మరో ఉదాహరణ.

మరి మంట లేని కొత్త మందే తెచ్చుకుంటే సరిపోదా? ఆ ప్రయత్నాలు జరిగాయి. నీటిలో కరిగే ఫాస్‌ప్రొపొఫాల్‌కు అమెరికా 2008లో అనుమతి ఇచ్చింది. అది ఒంట్లోకి వెళ్లాక ప్రొపొఫాల్‌గా మారుతుంది కనుక చేతిలో మంట లేదు. దానికి బదులు మర్మావయవాల దగ్గర మంట, దురద వచ్చాయి. మందు బజారులో నిలవలేదు. 2020లో జపాన్, అమెరికాలు అనుమతించిన రెమిమజొలాం నీటిలో కరుగుతుంది, నొప్పి స్వల్పం, కానీ అది బెంజోడయజపీన్ జాతికి చెందినది, నిద్ర పట్టే తీరు, లేచే తీరు వేరు. అదే ఏడాది చైనాలో అనుమతి పొందిన సిప్రొఫాల్ అన్నిటికన్నా ఆసక్తికరం. ప్రొపొఫాల్‌కు దగ్గరి చుట్టం, శక్తి ఎక్కువ కనుక తక్కువ మోతాదు చాలు, నీటిలో విడి భాగం తక్కువ, పోల్చిన అధ్యయనాల్లో మంట కూడా చాలా తక్కువ. ఇది నిలదొక్కుకుంటే మంచిదే. అయినా ధర తక్కువగా ఉండి, నలభై ఏళ్లుగా అలవాటైపోయిన, జిల్లా ఆసుపత్రి అలమారలో కూడా ఉండే ప్రొపొఫాల్ ఇప్పట్లో పోదు. అది ఉన్నంతకాలం ప్రశ్న పట్టీ దగ్గరికే వచ్చి ఆగుతుంది. పిల్లల విషయంలో మాత్రం ఇంకో దారి మొదటి నుంచీ ఉంది. చిన్న పిల్లల చేతి నరాలు మరీ సన్నవి కాబట్టి మంట ఎక్కువ, పట్టీ కట్టించుకునే ఓపిక తక్కువ. అందుకని చాలామంది మత్తు డాక్టర్లు మాస్కు ద్వారా సెవోఫ్లురేన్ వాయువుతో నిద్రపుచ్చి, ఆ తరవాతే నరం వెతుకుతారు.

లిగ్నోకైన్ అందరికీ చెల్లదు. ఆ కుటుంబం మందులకు అలర్జీ ఉన్నవాళ్లు, గుండెలో విద్యుత్ ప్రసారం తీవ్రంగా అడ్డుపడిన హార్ట్ బ్లాక్ రోగులు దాన్ని తీసుకోకూడదు. వాళ్లకు మోచేతి నరం, ముందుగా ఓపియాయిడ్ మిగులుతాయి. ఆధారాల నాణ్యత గురించీ నిజాయితీగా చెప్పుకోవాలి. ఈ రంగంలో అధ్యయనాలు ఎక్కువ, కానీ చాలావరకు చిన్నవి. మొహం చిట్లించడం, మాటతో చెప్పడం ఆధారంగా సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేసే కొలతలో, వేసేవాళ్లకు ఎవరికి ఏ మందు ఇచ్చారో తెలిస్తే మార్కులు అటే మొగ్గుతాయి. దీనికి తోడు పెద్ద మచ్చ ఒకటుంది. వందలకొద్దీ పత్రాలు వెలువరించిన జపాన్ మత్తు డాక్టర్ యోషిటాకా ఫుజీ, వాటిలో 172 పత్రాల్లో సమాచారం కల్పించాడని 2012లో జపాన్ మత్తువైద్యుల సంఘం విచారణలో తేలింది. వాంతుల నివారణ మీద ఆయన పని ప్రసిద్ధం, ప్రొపొఫాల్ మంట మీద కూడా పత్రాలు రాశాడు. ఆ ఏటికి ముందు చేసిన సంకలనాలను చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అయితే ఒక మనిషి పత్రాలు తీసేసినా లిగ్నోకైన్, పట్టీ నిలబడతాయి, ఎందుకంటే వాటికి సాక్ష్యం చాలా దేశాల నుంచి వచ్చింది; కూలేవి నాలుగైదు చిన్న అధ్యయనాల మీద నిలబడ్డ కొత్త కొత్త మిశ్రమాలు.

ఆ కొత్త మిశ్రమాల వెనుక ఒక సంస్థాగత కారణం ఉంది. మన దేశంలో ఎం.డి. చేసే ప్రతి విద్యార్థీ థీసిస్ సమర్పించాలి. రోగులు రోజూ దొరుకుతారు, ఫలితం నిమిషంలో తేలుతుంది, పరికరాలేమీ అక్కర్లేదు కనుక ప్రొపొఫాల్ మంట సులువుగా చేతికందే అంశం. అలాంటి అధ్యయనంలో ఒక వర్గానికి కొత్త మందు, మరో వర్గానికి ఉత్త సెలైన్ ఇచ్చి పోల్చడం పాత పద్ధతి. పట్టీతో లిగ్నోకైన్ ఇవ్వడం పనిచేస్తుందని 2000లోనే తెలిశాక, సెలైన్ వర్గంలో పెట్టిన వందమందిలో అరవై మందికి నివారించదగిన నొప్పి కలుగుతుందని ముందే తెలిసి పెట్టినట్టే. కొత్త మందు నిజంగా మేలైనదో కాదో తేల్చాలంటే దాన్ని సెలైన్‌తో కాక పట్టీ కట్టి ఇచ్చిన 40 మిల్లీగ్రాముల లిగ్నోకైన్‌తో పోల్చాలి. దానికన్నా ఎక్కువ ఫలమివ్వని మందు మీద ఇంకో థీసిస్ రాసినా థియేటర్‌లో మారేది ఏమీ ఉండదు.